డయలుమీది పేరు, లోపలి మిషను

మా పెద్దమందడిలో ఒకప్పుడు నీడను జూచి వేళ చెప్పెడివారు. వేరుసెనగ చేనిలో కలుపుతీయు వారికి తమ నీడ తమ పాదముల క్రిందికి వచ్చినదనగా బువ్వమూట విప్పు వేళ యైనదన్నమాట. పంచాంగము చూచు అయ్యగారి యింట మాత్రము గడియలు, విగడియలు లెక్కలో నుండెడివి. దినమునకు 60 గడియలు. గడియ యనగా నేటి లెక్కలో 24 నిమిషములు. అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నీటిపై నుంచిన, అది నిండి మునుగుటకు పట్టు కాలము గడియగా పూర్వులు కొలిచిరి. గడియారమను మన మాటకు ఆ గడియయే మూలము. అట్టి గిన్నెకు లోపలి యంత్రమొకటి, పైపేరొకటి లేవు. గిన్నె చేసినవాడే గిన్నె చేసినవాడు.

ఈ మాట ఇప్పుడు జ్ఞప్తికి వచ్చుటకు కారణము కలదు. మా ప్రాంతపు యువకుడొకడు కొన్నియేండ్లు పరదేశమున కష్టించి వచ్చుచు తండ్రికొక గడియారమును తెచ్చెను. స్విట్జర్లాండు దేశపుది, పేరు గొప్పది, వెల ఒక జత ఎద్దుల వెలకు మించినది. ఆ పేరిక్కడ అప్రస్తుతము గావున చెప్పము. మూడేండ్లు నడచి అది నిలిచిపోగా తండ్రి దానిని వనపర్తిలో గడియారములు బాగుచేయువాని యొద్దకు గొనిపోయెను. మేమును వెంట నుంటిమి. అతడు కంటికి భూతద్దము తగిలించుకొని, వెనుకమూత విప్పి, ఊగు చక్రము క్రింద చెక్కిన చిన్న అక్షరములను చదివి, సొరుగులోనుండి మఱియొక గడియారమును తీసి దాని మూతయు విప్పెను. అందును అవే అక్షరములు, అదే అంకె. రెండవ గడియారపు వెల మొదటి దానిలో అయిదవ వంతైనను లేదు. ముసలాయన రెంటిని మార్చి మార్చి చూచి, "అట్లయితే మావాడు పెట్టిన పైసలు దేనికి బోయినట్టు?" అని యడిగెను. బాగుచేయువాడు నవ్వి యూరకుండెను.

ఆ ముసలాయన ప్రశ్నకు జవాబు వెదకబోగా అది రెండువందల యేండ్లకు పైబడిన చరిత్రలోనికి మమ్ము లాగుకొని పోయినది.

గడియారపు పని ఏనాడును ఒక్క చేతి పని కాదు. స్విట్జర్లాండులో జూరా పర్వతప్రాంతమున చలికాలము దీర్ఘమైనది. మంచు కురిసి చేనిపని నిలిచిపోవును. పదునెనిమిదవ శతాబ్దమున అచ్చటి రైతులు ఆ నెలలలో కిటికీలయొద్ద కూర్చుండి గడియారపు భాగములను చేయ నేర్చిరి. ఒక యింట పండ్లచక్రములు, మఱియొక యింట ఇరుసులు, వేరొక యింట ముళ్లు. వీనినన్నింటిని ఒక వర్తకుడు కొనిపోయి, కూర్పించి, సరిచేయించి, డయలుమీద తన పేరు వ్రాయించుకొనెడివాడు. కార్ల్ మార్క్సు 1867లో వెలువడిన 'పెట్టుబడి' గ్రంథమున శ్రమవిభజనను వివరించుచు ఈ గడియారపు పనినే ఉదాహరణముగా గైకొని, దానికి కావలసిన పనివారల పేర్లను పెద్ద జాబితాగా నిచ్చి, లా షో-ద-ఫోన్ పట్టణమంతయు నొక్క గడియారపు కర్మాగారమని చెప్పదగినదని వ్రాసినాడు. అనగా పేరొకనిది, పని పదిమందిది యగుట ఈ వృత్తికి పుట్టుకతో వచ్చినదేగాని, నేటి వర్తకులు కల్పించిన మాయ కాదు.

ఇందులో దోషమున్నదని మేమనము. మా ప్రక్కనున్న గద్వాల చీరనే చూడుడు. నేతయు, నూలు ఒడలికి పట్టు అంచును కలుపు నేర్పును గద్వాలవి. జరీ సూరతునుండి వచ్చును. ఆ సంగతి చీర కొనువారికిని తెలియును, అమ్మువారును దాచరు. దాచనంతకాలము అది పంపకమే. దాచిననాడు దానికి వేరు పేరు పెట్టవలసివచ్చును.

గడియారము లోపలి యంత్రమునకు దొరవారి భాషలో మూవ్‌మెంటని పేరు. మన బజారున దానిని మిషననియే యందురు. చట్రము, చక్రములు కూర్చి, ఇంకను మెరుగుపెట్టని, సరిచేయని పచ్చి మిషనును ఫ్రెంచి మాటలో 'ఎబోష్' అందురు. దీనినే పెద్ద యెత్తున చేసి యితరుల కమ్మెడి కర్మాగారము 1793లోనే ఫోంటెన్మెలాన్ గ్రామమున వెలసినది. 1926లో ఇట్టి కర్మాగారములలో పెద్దవి మూడు కలిసి ఎబోష్ సంఘముగా నేర్పడినవి. 1931లో స్విస్ ప్రభుత్వము స్వయముగా మూలధనమిచ్చి ఒక మహాసంస్థను నిలిపి, ఈ సంఘమును దాని క్రిందికి చేర్చెను. 1934 నుండి ప్రభుత్వపు అనుమతి లేనిదే గడియారపు కర్మాగారము పెట్టరాదు, విడిభాగములను పరదేశమునకు పంపరాదు. వెలలు పడిపోయి పనివారు వీధిపాలగుచుండగా చేసిన కట్టడియిది. దాని ఫలముగా వందలకొలది పేర్లుగల గడియారములకు కొలదిపాటి కర్మాగారములే మిషను లిచ్చునవయ్యెను. గ్రెంచెన్ పట్టణపు ఇ.టి.ఎ. వానిలో నొకటి, పోనుపోను మిగిలినవన్నియు దానిలో కలిసిపోయినవి. వనపర్తిలో ఆ రెండు గడియారముల కడుపులోను మేము చూచినది దీని ముద్రయే.

ఇది నడితరగతి గడియారముల మాట; అత్యున్నతమైన పేర్లు తమ మిషనును తామే చేసికొనియుందురుగదా యని పాఠకులు తలచవచ్చును. మేమును అట్లే తలచితిమి. జూ లోయలో 1833లో ఆంత్వాన్ లెకూల్త్ర్ స్థాపించిన పనిశాల చరిత్ర చదివిన పిమ్మట ఆ తలపు నిలువలేదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో పటేక్ ఫిలిప్పు వారికి పచ్చి మిషనులను విస్తారముగా నిచ్చినది ఈ పనిశాలయే. కార్టియే వారి పలుచని గడియారములలో నుండినవియు దీనివే. 1967లో ఈ పనిశాలవారు 920 అను అంకెతో నొక మిషనును చేసిరి. తానుగా చుట్టుకొనునట్టిది, మందము రెండున్నర మిల్లీమీటర్లకు లోపల. 1972లో ఒడెమార్ పిగె వారి 'రాయల్ ఓక్', 1976లో పటేక్ వారి 'నాటిలస్', 1977లో వాషరాన్ వారి '222' ఈ మిషనుతోనే వెలువడినవి. ఆ మూడును పరస్పరము పోటీపడు పేర్లు. ధనికులు వానిలో ఏది గొప్పయని వాదులాడుకొందురు. మూడింటి గుండెయు నొక్కటే. అంతకంటె వింత, దానిని చేసిన లెకూల్త్ర్ వారు తమ పేరిటి గడియారమున దాని నొక్కనాడును పెట్టుకొనలేదు.

చంద్రునిపై 1969లో నడచిన మనుష్యుని చేతినుండిన ఒమేగా గడియారము సంగతియు నిట్టిదే. దానిలోని 321వ అంకె మిషనును రూపొందించినది లెమానియా యను పనిశాల. ఒమేగా, లెమానియా అప్పటి కొకే కూటమిలోని వగుటచేత దీనిని పరాయిసొమ్మనుట కేవలము న్యాయము కాదు. అయినను లెమానియా పేరు చెప్పిన మనలో నెందరు గుర్తింతురు? పటేక్ వారి ప్రఖ్యాత కాలమాపక గడియారములు కొన్నింటికిని ఈ లెమానియా మిషనే మూలము. తమ స్వంత మిషనును వారు వెలువరించినది చాలకాలము పిమ్మటనే.

రోలెక్సు వారి కథ మఱింత తెలిసికొనదగినది. హాన్స్ విల్స్‌డార్ఫ్ 1905లో లండనున వ్యాపారము మొదలిడినప్పుడు మిషనులను బీల్ పట్టణపు ఏగ్లర్ వారియొద్ద కొనెను. ఆ కొనుబడి నమ్మకముపైననే దాదాపు నూరేండ్లు సాగి, 2004లో రోలెక్సు వారు ఆ కర్మాగారమును కొనివేసిరి. వారి 'డేటోనా' గడియారమునకు మొదట వాల్జూ మిషను, 1988 నుండి 2000 వఱకు జెనిత్ వారి 'ఎల్ ప్రిమెరో' మిషను, పిమ్మట స్వంతము.

ఆ ఎల్ ప్రిమెరో రోలెక్సు వారికి దొరకుటయే యొక కథ. 1969 డిసెంబరు 25న జపానులో సైకో వారు క్వార్ట్జు గడియారమును బజారున పెట్టిరి. బ్యాటరీతో నడచునది, కీ ఇయ్యనక్కరలేనిది, మిషను గడియారముకంటె సరియైన వేళ చూపునది. కొలదియేండ్లలో స్విట్జర్లాండు కంపించినది. 1970లో సుమారు 90 వేలుండిన గడియారపు పనివారు 1980ల నడుమకు సుమారు 30 వేలైరి. జెనిత్ కంపెనీ అప్పుడు అమెరికా యజమానుల చేతిలో నుండెను. మిషను గడియారములు చేయుట మానివేయుడని 1975లో వారు ఆజ్ఞ పంపిరి. అచ్చులు, పనిముట్లు పాత ఇనుముగా పోవలసినవే. షార్ల్ వెర్మో అను పనివాడు ఆ యాజ్ఞను సహింపలేక, ఎల్ ప్రిమెరో చేయుటకు కావలసిన సామగ్రి నంతటిని రహస్యముగా అటకమీదికి చేరవేసి, ఏది దేనికో వ్రాసిపెట్టి దాచెను. 1980లలో మిషను గడియారమునకు మరల గిరాకి కలుగగా ఆ యటక విప్పిరి. లేనిచో రోలెక్సు వారి కాలమాపక గడియారమునకు మిషను మఱి యెక్కడనో వెదకికొనవలసియుండెడిది. డేటోనా ధరించువారు వెర్మో పేరు వినియుందురా?

ఆ కష్టకాలముననే, 1983లో, నికొలాస్ హాయెక్ సలహాపై రెండు పెద్ద కూటములు ఒకటైనవి. నేటి స్వాచ్ సంఘమదియే. ఇ.టి.ఎ. యును, ఊగు చక్రమునకు ప్రాణమువంటి వెండ్రుకవంటి స్ప్రింగును చేయు నివారాక్సును ఈ సంఘము చేతిలోనికి వచ్చెను. పోటీదారులు సైతము దానియొద్దనే కొనవలసినవారైరి. 2002లో హాయెక్, పచ్చి మిషనులను ఇతరుల కిచ్చుట క్రమముగా మానుదుమని ప్రకటించెను. తన వాదము సూటియైనది: మిషను చేయు యంత్రములపై ధనము మేము పెట్టుదుము, పేరు మాత్రము వారు సంపాదింతురా? అప్పుడు గొల్లున మొఱపెట్టినవారిలో తమ మిషను ఎవరిదో కొనువారికి ఏనాడును చెప్పనివారు పెక్కురు. స్విస్ పోటీ పరిరక్షణ మండలి నడుమ ప్రవేశించి, ఒక్కసారిగా మానరాదనియు, ఏటేట తగ్గింపవచ్చుననియు కట్టడి చేసెను. 2013లో ఒక ఒడంబడిక. 2020 జులైలో ఆ కట్టుబాటు ముగిసినది. ఈ నడుమ, 1950లో పుట్టి చిరకాలము ఇ.టి.ఎ. మిషనులనే కూర్చుచుండిన సెలిటా వారు అదే పోలికలో తామే మిషనులు చేయసాగిరి. నేడు ఎన్నో పేర్లకు వారిదే ఆధారము.

ఇక ముసలాయన ప్రశ్న. పైసలన్నియు వ్యర్థమైనవనుట తప్పు. ఒకే ఇ.టి.ఎ. మిషను నాలుగు తరగతులలో నమ్మబడును. పై తరగతి వానికి మేలురకపు స్ప్రింగు, ఎక్కువ స్థితులలో నుంచి వేళ సరిచేయుట, మెరుగు, పరీక్షాపత్రము నుండును. కొందఱు దానిని విప్పి తమ చేతితో మఱల చెక్కి మెరుగుపెట్టుదురు. పటేక్, వాషరాన్ వంటివారి చేతిలో 920 మిషను పొందిన సంస్కారము చిన్నది కాదు. డబ్బా లోహము, అద్దము, నీరు చొరకుండ చేయు నేర్పు వేరు. ఇవన్నియు లెక్కగట్టినను వెలలో పెద్ద భాగము మిగిలిపోవును. అది ప్రకటనలకు, దుకాణపు అద్దములకు, ఆటగాండ్ర చేతికి, పేరునకు పోవును. మా పల్లెవానికి ఆ సంగతి ముందే చెప్పియుండిన, బహుశః అతడు అదే కొనియుండును. తండ్రికి గొప్ప పేరే ఇయ్యవలెనని అతని కోరిక. కాని చెప్పలేదు. చట్టము కోరునది 'స్విస్' అను ముద్రకు కొలత మాత్రమే. 2017 నుండి ఖర్చులో నూటికి 60 వంతులు ఆ దేశమున జరుగవలెను. ఏ పనిశాల మిషనో చెప్పుమని అది అడుగదు. మిషనుకు కొత్త అంకె, కొత్త పేరు పెట్టి తమదివలె చూపుటకును అడ్డులేదు.

మనదేశపు చరిత్ర ఈ విషయమున సిగ్గుపడదగినది కాదు. హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియమునకు పోయినవారందఱు అచ్చటి సంగీత గడియారమును చూచియుందురు. గంట గంటకు తలుపు తెరచుకొని చిన్న మనుష్యుడొకడు వెలికివచ్చి గంట కొట్టుటను చూచుటకు పిల్లలు పెద్దలు గుమిగూడుదురు. దానిమీది పేరు కుక్ అండ్ కెల్వీ, కలకత్తా. భాగములు మున్నూటయేబదికి పైబడినవి; అవి ఇంగ్లాండునుండి వచ్చినవి, కూర్చి అమ్మినది కలకత్తావారు. నవాబుల కాలపు విలాసము సైతము ఇట్లు రెండు దేశముల పనియే. చార్మినారు నాలుగు ముఖములకు గడియారములు వెలసినది 1889లో. నిజాము రాజ్యమున వేళ పరదేశపు చక్రములపై నడచుట ఎవరికిని వింతగా తోచలేదు. ఇచ్చట చేయువాడు లేడు.

చేయవలెనను తలంపు స్వరాజ్యముతో వచ్చినది. 1961లో హెచ్.ఎం.టి. వారు జపానుదేశపు సిటిజన్ కంపెనీ సహకారముతో బెంగుళూరున గడియారములు చేయ మొదలిడిరి. సిటిజన్ వారి మిషను నమూనాయని లోకమునకు చెప్పియే చేసిరి. మొదట భాగములు తెచ్చి కూర్చి, క్రమముగా పెక్కింటిని ఇక్కడనే చేయ నేర్చిరి. శ్రీనగరము, తుమకూరు, రాణీబాగులలోను కర్మాగారములు లేచినవి. 'జనతా', 'పైలట్', 'కాంచన్' అను ఆ గడియారములు పెండ్లికుమారుని కట్నములో సైకిలుతోపాటు నుండిన కాలమొకటి మా తెలుగునాట గడచినది. ఆ కట్నమును మేము మెచ్చుట లేదు. గడియారపు గౌరవమును మాత్రమే చెప్పుచున్నాము.

హైదరాబాదునకును ఒక గడియారము కలదు. 1942లో నిజాము ప్రభుత్వపు పారిశ్రామిక నిధి తోడ్పాటుతో పుట్టిన ఆల్విన్ కంపెనీ బస్సుల బాడీలు, బీరువాలు, శీతలపేటికలు చేసి పేరుగాంచి, 1980ల తొలియేండ్లలో సైకో వారితో ఒడంబడి గడియారముల పనికి దిగెను. స్విట్జర్లాండును కంపింపజేసినవారే తెలుగువారికి గురువులైరి! డయలుమీద ఆల్విన్, లోపల సైకోవారి విద్య. ప్రకటనలలో ఆ సంగతి దాచుటకు మారుగా గర్వముగా చెప్పుకొనిరి. అది గర్వపడదగినదే: ఎవరియొద్ద నేర్చితిమో చెప్పుకొనువాడు శిష్యుడు, చెప్పనివాడు మఱియొకడు. దొంగదారిని వచ్చు పరదేశపు గడియారములు, హోసూరున క్వార్ట్జును నమ్ముకొని ఎదిగిన టైటాన్, ఇంటి నిర్వాహకపు తిప్పలు, 1991 తరువాతి బజారు - ఇన్నింటి నడుమ ఆల్విన్ గడియారము నిలువలేదు. కంపెనీయు 1990లలో ముక్కలై చేతులు మారినది. నేడు నగరమున ఆల్విన్ కాలనీ కలదు, ఆల్విన్ చౌరస్తా కలదు. హెచ్.ఎం.టి. గడియారపు కంపెనీని మూసివేయుటకు కేంద్రమంత్రివర్గము 2016 జనవరిలో నిశ్చయించినది.

మాకు కష్టము తోచునది కర్మాగారములు పోయినందుకంటె, వానితో వెర్మో అటకవంటిది ఒక్కటియు మిగులనందుకు. చక్రము పండ్లను కోయు యంత్రములు, వానిని నడపిన చేతులు ఒక్క తరములో చెదరిపోయినవి. నేడు మనదేశమున క్రొత్తగా మిషను గడియారములు పెట్టుచున్న చిన్న కంపెనీలు జపానునుండి మియోటా, సైకో మిషనులను, స్విట్జర్లాండునుండి సెలిటా మిషనులను తెచ్చుకొనుచున్నవి. వారిలో పలువురు ఆ సంగతి స్పష్టముగా ప్రకటించుచున్నారు, అది మెచ్చదగినది. టైటాన్ వారు మాత్రము 2024లో, ఊగు చక్రమే తన పంజరముతో తిరుగునట్టి 'టూర్బియాన్' మిషనును హోసూరున స్వయముగా చేసి చూపిరి. ధనికుల కొఱకు చేసిన కొలది గడియారములే యైనను, తెలుగు మాట వినవచ్చు ఆ పట్టణమున ఆ విద్య మఱల మొలకెత్తుట సంతోషము.

పెద్ద పేర్లవారు సత్యము చెప్పిన వ్యాపారము చెడునను భయమును వారిలోనే కొందఱు అబద్ధము చేసిరి. 2017లో బ్రైట్‌లింగ్, ట్యూడర్ కంపెనీలు మిషనులు మార్చుకొనిరి: ఒకరి కాలమాపక మిషను రెండవవారికి, వారి సాధారణ మిషను వీరికి. ఉభయులును బాహాటముగా చెప్పిరి. ఎవరి గిరాకియు తగ్గలేదు.

ఈ గోప్యత వలన నష్టపోవువాడు కొన్నవాడొక్కడే కాడు. మిషను ఎవరిదో తెలిసిన బాగుచేయువాడు భాగము వెదకికొనగలడు. తెలియకున్నను, తెలిసినను భాగములను కంపెనీవారు తమ శాలలకే ఇచ్చి బయటి పనివానికి నిరాకరించినను, అతని విద్య చేతిలోనే ఎండిపోవును. వనపర్తి రాజుల ప్రాసాదమున నేడు పాలిటెక్నిక్ కళాశాల నడచుచున్నది. అందు యంత్రవిద్య చదువు పిల్లలు బజారునకు పోవు త్రోవలోనే గడియారపు దుకాణపు చిన్న బల్లయున్నది. ఆ బల్లయొద్ద కూర్చుండి నేర్చుకొనువాడు మాకొక్కడును కనబడలేదు.

ముసలాయన గడియారమునకు కావలసినది ఒక చిన్న చక్రము. దాని పేరుగల కంపెనీవారి శాలకు పంపిన నాలుగు నెలలు పట్టుననియు, ఎద్దుల వెలలో మూడవ వంతగుననియు తెలిసెను. బాగుచేయువాడు సొరుగులోని రెండవ గడియారమును, పేరులేని దానిని, మరల విప్పి అందులోని చక్రమును తీసి ఇందులో నమర్చెను. అది నడచినది. ముసలాయన దానిని చెవియొద్ద పెట్టుకొని విని, ఎంతయ్యెనని యడిగి, పైకమిచ్చి, అంగీక్రింద దాచుకొని బస్సెక్కెను.